దూది ఒప్పుకున్నది

అతన్ని యార్డులో అందరూ దూది అనేవాళ్ళు. మనిషిలో దూది లక్షణం ఏమీ లేదు. ఎముకలు తేలిన ఒళ్ళు, బరువైన అడుగు, మాట్లాడితే గొంతులో గులకరాళ్ళు. కానీ క్రేను మీద కూర్చున్నాడంటే, లారీ పొడుగు ఇనుపదూలాన్ని పిల్లి తన పిల్లని నోట కరుచుకుని దించినట్టు దించేవాడు. దూలం కింద చెక్కల మీద ఆనిందో లేదో చప్పుడును బట్టి తెలిసేది కాదు, గొలుసు వదులైతేనే తెలిసేది. దూది చేతి లోడు అంటే లారీ డ్రైవర్లు సీట్లోనే కునుకు తీసేవాళ్ళు.

కింద నిలబడి సైగలు చేసేది అతని తోడల్లుడు. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళని చేసుకున్నారు. అత్తగారింటికి దూది పెద్దల్లుడు, ఇతను చిన్నల్లుడు. ఇంట్లో పుట్టిన ఆ పిలుపు యార్డులోకీ వచ్చేసి, అందరూ అతన్ని చిన్నల్లుడనే పిలిచేవాళ్ళు. కొత్తలో రెండు చేతులూ గాల్లో తిప్పి సైగ చేసేవాడు. కొన్నేళ్ళకి ఒక చెయ్యి సరిపోయింది. తర్వాత వేలు. ఇప్పుడు గడ్డం కొంచెం ఎత్తితే దూలం లేచేది, కళ్ళు వాల్చితే దిగేది.

"మీ ఆవిడ సైగలైనా ఇంత బాగా అర్థమవుతాయా నీకు?" అని గొలుసులు కట్టేవాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"ఆవిడ సైగ చెయ్యదురా, నేరుగా విసిరేస్తుంది" అనేవాడు చిన్నల్లుడు.

దూది ఎంత మూగో ఇతను అంత వాగుడుకాయ.

దూదికి ఒక ఇబ్బంది ఉంది. దగ్గర్లో మనిషి ఉంటే ఒంటికి పోలేడు. వెనకాల చెప్పు చప్పుడు వినిపిస్తే చాలు, లోపల కుళాయి బిగుసుకుపోయేది. చిన్నప్పుడు హాస్టల్లో పిల్లల్ని గోడ ముందు వరసగా నిలబెట్టి, కానివ్వండి కానివ్వండి అని వెనకనుంచి బెత్తంతో తట్టేవారట. అప్పుడు మొదలైందో, పుట్టుకతో వచ్చిందో అతనికే తెలీదు. అందుకని పొద్దున ఇంట్లో కానిచ్చుకుని వచ్చి, మధ్యాహ్నం దాకా చుక్క నీళ్ళు ముట్టేవాడు కాదు. అందరూ అన్నాలకి కూర్చున్నాక క్రేను దిగి, యార్డు చివర తుప్పు పట్టిన ట్యాంకరు వెనక్కి వెళ్ళేవాడు. అక్కడ ఎవరైనా ఉంటే, ఏదో మర్చిపోయినవాడిలా జేబులు తడుముకుంటూ వెనక్కి వచ్చేసేవాడు. రోజూ అందరి కళ్ళముందూ జరిగేదే. ఎవరూ పట్టించుకోలేదు. సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు అతని భార్య, రెండోవాడు చిన్నల్లుడు.

చిన్నల్లుడికి తెలిసింది ఒక బస్సు ప్రయాణంలో. బస్సు ఆపితే మగవాళ్ళంతా రోడ్డుపక్కన వరసగా నిలబడ్డారు. దూది మాత్రం చేలకి అడ్డంపడి నడుచుకుంటూ వెళ్ళాడు. డ్రైవరు హారను కొడుతున్నా రాడు. "కంగారుపడకండి, మా అన్న ఆ పొలం కొంటున్నాడు, సర్వే చేసి వస్తాడు" అన్నాడు చిన్నల్లుడు. బస్సు బస్సంతా నవ్వింది. తిరిగొచ్చిన దూది ముఖం చూశాక ఇతనికి విషయం అర్థమైంది. అర్థమైనా హాస్యం మానలేదు. నోటికి అలవాటైన మాట కాలికి అలవాటైన దారి లాంటిది, చూసుకోకుండానే వెళ్ళిపోతుంది.

ఆ ఏడాది వేరే యార్డులో ఒక క్రేను డ్రైవరు మత్తులో లోడు వదిలేశాడు. కింద ఉన్న మనిషి పోయాడు. దాంతో ఇక్కడా గోడకి నోటీసు అంటించారు. యంత్రాల మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ మూత్ర పరీక్ష. మత్తు తేలితే సీటు పోతుంది. ఇవ్వను అన్నా తేలినట్టే లెక్క.

నోటీసు చదివి దూది వెళ్ళి క్రేను ఎక్కేశాడు. ఆ వారమంతా అన్నం సగంలో వదిలేసి లేచేవాడని దూది భార్య, చిన్నల్లుడికి వదిన, తర్వాత చెప్పింది. ఎందుకని అడిగితే ఎండకన్నాడట. క్రేను సీటు తప్ప ఆ మనిషికి ఇంకో పని రాదు. ఇంకో గర్వమూ లేదు.

పరీక్షల వ్యాను పొద్దున్నే వచ్చింది. ఆఫీసు పక్కనున్న మరుగుదొడ్డిని సిద్ధం చేశారు. కుళాయికి టేపు చుట్టారు, కమోడులో నీళ్ళకి నీలిరంగు కలిపారు. నీళ్ళు కలిపి మోసం చెయ్యకుండానట. ఒక మనిషి లోపలే, తలుపు దగ్గర నిలబడతాడు. బయట వరసలో అందరూ ఒకటే నవ్వులు.

"నాది పరీక్ష చేస్తే టీ డికాషను తప్ప ఏమీ తేలదు."

"పంచదార ఎంతుందో కూడా చెప్తారేమో అడుగు, డాక్టరు ఖర్చు తప్పుతుంది."

దూది వరసలో గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. వెనకున్నవాడు, "ఏం దూదన్నా, నీదీ చప్పుడు కాకుండానే దిగుతుందా?" అన్నాడు.

దూది బదులు చిన్నల్లుడు అందుకున్నాడు. "మా అన్నకి ఎకరం చోటుండాలిరా. మనిషి నీడ పడిందంటే పంపు బందు!"

వరసంతా విరగబడి నవ్వారు. దూది కూడా నవ్వాడు. చెవులు మాత్రం నల్లబడ్డాయి.

అతని వంతు వచ్చింది. చేతిలో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. లోపలికి వెళ్ళాడు. "నేను చూడను లెండి, ఇక్కడ ఊరికే నిలబడతానంతే" అన్నాడు పరీక్షాయన. మంచివాడే. కానీ అతనికి జలుబు. వెనకనుంచి ముక్కు ఎగబీల్చే చప్పుడు వస్తూనే ఉంది. దూది నీలిరంగు నీళ్ళని చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. ఖాళీ డబ్బాతో బయటికి వచ్చాడు.

"నీళ్ళు తాగండి, మళ్ళీ చూద్దాం" అన్నారు. తాగాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ ఖాళీ. ఎన్నేళ్ళుగానో మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టని మనిషి అందరి ముందూ గ్లాసు మీద గ్లాసు తాగుతుంటే, నవ్వేవాళ్ళు కూడా నవ్వడం మానేశారు. పొట్ట బిగిసి, నడుము వంచి నడుస్తున్నాడు. లోపల చెరువు నిండి ఉంది, తూము తెరుచుకోదు.

సేఫ్టీ మేడం వచ్చింది. చిన్న వయసు, కొత్తగా చేరింది, గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. "మీకు ఏదైనా ఆరోగ్య సమస్య ఉందా అండీ? ఉంటే చెప్పండి. డాక్టరు రాసిస్తే వేరే రకం పరీక్ష కూడా ఉంది" అంది.

వంతు కోసం ఆగే గదిలో బెంచీల మీద అందరూ ఉన్నారు. పరీక్ష అయిపోయినవాళ్ళు కూడా పోలేదు. కోళ్ళు గింజల కోసం చూసినట్టు దూది నోటివైపే చూస్తున్నారు. చిన్నల్లుడూ వాళ్ళలోనే కూర్చున్నాడు.

దూది తల తిప్పి అతన్ని చూశాడు. ఒకే ఒక్క చూపు.

చిన్నల్లుడు ఆ చూపుని 'చెప్పకు' అని చదువుకున్నాడు. దూది క్రేను మీదనుంచి చూసిన చూపైతే ఆ కళ్ళు ఏమంటున్నాయో తప్పకుండా తెలిసేది. ఇక్కడ, బెంచీ మీద, పదిమంది మధ్య, తన హాస్యం ఇంకా గదిలో తిరుగుతుండగా, అతను తల దించుకున్నాడు.

"ఏ సమస్యా లేదండి" అన్నాడు దూది.

"నిజంగా లేదా? మొహమాటపడకండి."

"లేదండి."

"భోజనాల గంట లోపు ఇవ్వకపోతే నిరాకరించారని రాయాల్సి వస్తుంది."

దూది బయటికి వెళ్ళి క్రేను కింద కాసేపు నిలబడ్డాడు.

ఆ యార్డులో ఒక పాత ఆనవాయితీ ఉంది. మొన్నమొన్నటి దాకా అక్కడ పెద్ద మేస్త్రి ఒకాయన ఉండేవాడు. "తప్పు చేస్తే సాయంత్రం హారను లోపు వచ్చి ఒప్పుకో, నా దగ్గరే ఆగిపోతుంది. దాస్తే పైకి పోతుంది" అనేవాడు. ఒక డ్రైవరు తాగొచ్చి గేటు గుద్దేసి, ఏడుస్తూ వెళ్ళి ఒప్పుకున్నాడు. మేస్త్రి వాడి ఏడు తరాలనీ తిట్టి, టీ తాగించి పంపాడు. సీటు పోలేదు. మేస్త్రి పని మానేసి ఇంటికి వెళ్ళిపోయినా ఆ మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఒప్పుకున్నవాడిని వదిలేస్తారు.

గంటకి ఇంకా టైముంది. దూది నడుము పట్టుకుని ఆఫీసులోకి వెళ్ళి తలుపు మూశాడు.

"వాడానండి" అన్నాడు.

"ఏమిటి?"

"గంజాయి. నిన్న. అందుకే ఇవ్వలేదు."

మేడం రాస్తున్న పెన్ను ఆపింది. "ఆలోచించుకుని చెప్పండి. ఇది రాసి సంతకం పెట్టాక నా చేతిలో ఉండదు" అంది. దూదికి అప్పుడు ఒంట్లో ఉన్న బాధ ఒక్కటే తెలుస్తోంది. సంతకం పెట్టి, ఆఫీసు వెనకనుంచి ట్యాంకరు దాకా పరుగులాంటి నడకతో పోయాడు. అక్కడ ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి క్రేను తాళాలు అడిగి తీసుకున్నారు. మేస్త్రి ఉంటే తిట్టేవాడు. ఇక్కడ ఎవరూ తిట్టలేదు. "మీరు ఇంటికి వెళ్ళొచ్చండి" అన్నారు. తిట్లు లేకపోవడం చూసే దూదికి మొదటిసారి భయం వేసింది.

సాయంత్రం చిన్నల్లుడు వాళ్ళింటికి వెళ్ళేసరికి వదిన గొంతు వీధిలోకి వినిపిస్తోంది.

"ఒంటికి పోలేనని చెప్పడానికి రాని నోరు, లేని గంజాయి ఒప్పుకోవడానికి ఎలా వచ్చిందయ్యా? బీడీ వాసనకే తల తిరుగుతుందంటావే! ఒక్కనాడైనా ఆకు ఎలా ఉంటుందో చూశావా?"

దూది మంచం పట్టె మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

"రా, నువ్వూ రా" అంది వదిన చిన్నల్లుణ్ణి చూసి. "మీ అన్నగారు ఘనకార్యం చేసొచ్చారు. పక్కనే ఉన్నావుగా, నీ నోరేమైంది? పొద్దస్తమానం లొడలొడ వాగుతావే, వాగాల్సిన చోట పక్షవాతం వచ్చిందా?"

చిన్నల్లుడు గుమ్మం దగ్గరే చతికిలబడ్డాడు. వదిన మంచినీళ్ళు తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి అతనే అడిగాడు. "అన్నా, నువ్వు నావైపు చూశావు. చెప్పమనా, చెప్పొద్దనా?"

దూది ఆలోచించాడు. "నాకూ తెలీదురా" అన్నాడు.

"చెప్పమంటే చెప్పేవాణ్ణి."

"తెలుసు."

"రేపు వెళ్దాం. మేడంకి నువ్వే చెప్పు."

"ఏమని చెప్పను? గంజాయి తాగాడంటే, పోనీలే మగాడు, చెడు సావాసం అంటారు. ఇదంటే... జన్మంతా క్రేను మీదకి ఈలలేస్తారు." కొంచెం ఆగి అన్నాడు, "నువ్వే ముందు మొదలెడతావు."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అన్నాడు. చిన్నల్లుడు ఆ నీళ్ళు తాగకుండానే లేచి వచ్చేశాడు.

మర్నాడు అతనొక్కడే మేడం దగ్గరికి వెళ్ళాడు. తెలిసిందంతా చెప్పాడు. హాస్టలు, ట్యాంకరు, నీళ్ళు ముట్టకపోవడం. మేడం కుర్చీలో వెనక్కి వాలింది.

"నేను అడిగాను కదండీ, ఒకటికి రెండుసార్లు. మీరూ అక్కడే ఉన్నారు."

"ఉన్నానండి."

"అప్పుడు చెప్పొచ్చుగా?"

చిన్నల్లుడు తలుపు గడియవైపు చూశాడు.

"ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కాగితం తెచ్చుకుని ఆయనే వచ్చి మాట్లాడాలి" అంది.

దూదిని డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది వదిన. రానంటే చెయ్యి పట్టుకుని వీధిలో నడిపించింది. చిన్నల్లుడు వెనకాల నడిచాడు. గదిలో దూది నోరు విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పాక ట్యాంకరు సంగతితో సహా అంతా చెప్పాడు. డాక్టరు ముసలాయన. నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు.

"భయానికి పళ్ళు కరుచుకుంటాయి చూశారూ, అలా లోపల కండ బిగుసుకుంటుంది. మీరు బిగించరు, అదే బిగుసుకుంటుంది. చాలామందికి ఉంటుందిది."

"చాలామందికా?" దూది మొదటిసారి తలెత్తాడు. "నాకు ఇంతవరకూ ఒక్కడూ కనపడలేదేంటండీ?"

"వాళ్ళూ ఏదో ఒక ట్యాంకరు వెనక ఉండుంటారు" అన్నాడు డాక్టరు కాగితం రాస్తూ.

రాసింది రెండు ముక్కలే. ఇతనికి మూత్రం బదులు నోటి ఉమ్మితో పరీక్ష చెయ్యవచ్చునని. దూది దాన్ని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇంతేనా?" అన్నాడు. వదిన ముఖం పక్కకి తిప్పుకుంది.

కాగితం చూసి మేడం మంచి మాటే చెప్పింది, చెడ్డ మాటా చెప్పింది. ఇకనుంచి ఉమ్మి పరీక్షే చేస్తారు. ఆ రోజు ఇవ్వలేకపోవడాన్ని నిరాకరణ కింద రాయరు. "కానీ మీరు వాడానని సంతకం పెట్టారు. దాన్ని నేను చింపలేను, పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. అబద్ధం చెప్పానంటారా, అబద్ధపు సంతకం పెట్టినవాడిని ఉంచుకోం అంటారు. నిజమే చెప్పానంటారా, మత్తు మాన్పించే కేంద్రానికి పంపి మళ్ళీ పనిలోకి తీసుకుంటారు. కింద పనిలోకే. క్రేను ఇవ్వరు."

"నేను వాడలేదని మీరు నమ్ముతున్నారా మేడం?"

"నమ్ముతున్నాను. నా నమ్మకంతో వాళ్ళకి పనిలేదు." ఆమె గొంతు తగ్గించింది. "లేనిది ఎందుకు ఒప్పుకున్నారండీ?"

"ఒప్పుకుంటే వదిలేస్తారనుకున్నానండి."

"ఎవరు చెప్పారు?"

దూది మేస్త్రి పేరు ఎత్తలేదు. ఆయన్ని ఎందుకు లాగడం అనుకున్నాడేమో.

దూది రెండోదానికే ఒప్పుకుని, కేంద్రంలో కొన్ని వారాలు ఉన్నాడు. అక్కడ పొద్దున్నే అందరూ గుండ్రంగా కూర్చుని, ఎలా మొదలుపెట్టారో ఎవరిది వాళ్ళు చెప్పుకోవాలి. దూదికి చెప్పుకోవడానికి ఏమీ లేదు. పక్కవాడు చెప్పినదాన్నే ఊరూ పేరూ మార్చి చెప్పాడు. "అన్నా, అచ్చం నాకూ ఇలాగే!" అని ఆ పక్కవాడు అతని భుజం పట్టుకుని ఏడ్చాడు. దూదికీ ఏడుపు వచ్చింది. కేంద్రం నడిపేవాళ్ళు చాలా మెచ్చుకున్నారు.

పనిలోకి తిరిగొచ్చి గొలుసులు కట్టడానికి కుదిరాడు. క్రేను మీదకి వేరే డ్రైవరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, పని తెలిసినవాడే. లోడు మాత్రం కాస్త విసురుగా దించుతాడు. దూలం చెక్కల మీద పడ్డప్పుడల్లా దూది భుజాలు చిన్నగా ఎగిరేవి. ఒక్కనాడూ ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేదు.

ఒప్పుకున్నవాడు కాబట్టి నెలనెలా పరీక్ష. పరీక్షాయన దూదిపుల్ల ఒకటి నోట్లో పెట్టి తీస్తాడు. తలుపు అక్కర్లేదు, నీలిరంగు నీళ్ళు అక్కర్లేదు, దూది యార్డు మధ్యలో నిలబడి నోరు తెరుస్తాడు. ప్రతినెలా మత్తు లేదనే వస్తుంది. "శభాష్ దూదన్నా, నిలబెట్టుకుంటున్నావు" అంటారు అందరూ. అతను తల ఊపుతాడు.

చిన్నల్లుడు హాస్యాలు తగ్గించాడు. ఎవరైనా ఎవరినైనా ఏడిపిస్తుంటే, వేరే మాట ఎత్తి దాన్ని పక్కకి తిప్పడం నేర్చుకున్నాడు. అది బాగా ఆలస్యంగా నేర్చిన విద్య. అందరికీ నిజం చెప్పేస్తానని రెండు మూడుసార్లు దూదిని అడిగాడు. "ఎవరడిగారురా ఇప్పుడు" అన్నాడు దూది. అంతే.

ఒక మధ్యాహ్నం దూలాలు ఎక్కించుకోవడానికి ఒక లారీ వచ్చింది. డ్రైవరు చాలాకాలంగా వచ్చేవాడే, దూది లోడు ఎక్కిస్తుంటే కునుకు తీసేవాళ్ళలో ఒకడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి, పెదవులు నల్లగా ఎండిపోయి ఉన్నాయి. గొలుసు బిగిస్తున్న దూది పక్కకి వచ్చి, ఎవరైనా వింటున్నారా అని చుట్టూ చూశాడు. చిన్నల్లుడు దూలానికి అవతల ఉన్నాడు, కనపడలేదు.

"దూదన్నా, ఒకమాట. నువ్వు మానేశావంటగా. నేనూ చాలాసార్లు చూశాను, నావల్ల కావడంలేదు. ఎలా మానావు?"

దూది గొలుసు వదిలేసి నడుము నిటారు చేశాడు.

దూలానికి అవతల చిన్నల్లుడికి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాడు. ఒరేయ్, నేను ఎప్పుడూ ముట్టనేలేదురా అని. వెనకనుంచి తానూ వెళ్ళి, అవునురా, నిజం అనాలని అడుగు వెయ్యబోయాడు.

"ఇంట్లో తెలుసా?" అన్నాడు దూది.

"లేదన్నా. చస్తే చెప్పలేను."

"ముందు అది చెయ్యి. నువ్వే చెప్పు. పదిమందిలో ఎవరో అడిగేదాకా ఉండకు. అప్పుడు నోట్లోంచి వేరేది వస్తుంది."

"నవ్వుతారన్నా."

"నవ్వుతారు" అన్నాడు దూది. "నవ్వనీ."

డ్రైవరు లారీ టైరుకి ఆనుకుని కూలబడ్డాడు. ఎప్పటినుంచి, ఎక్కడ, ఎవరి సావాసంతో అన్నీ చెప్పుకుపోతున్నాడు. దూది అతని పక్కన గొంతుక్కూర్చుని వింటున్నాడు. కేంద్రంలో అంతమంది కథలు విన్నవాడు కాబట్టి ఎక్కడ ఊఁ కొట్టాలో, ఎక్కడ ఊరుకోవాలో బాగా తెలుసు. పైనుంచి క్రేను కుర్రాడు తొందరపెడుతూ హారను కొట్టాడు.

చిన్నల్లుడు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఈ నిజం ఇప్పుడు చెబితే ఆ డ్రైవరుకి ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. చెప్పాల్సిన రోజున చెప్పలేదు, చెప్పగలిగిన రోజున చెప్పకూడదు. దూలం నీడలో నిలబడి, వాళ్ళ మాటలు అయ్యేదాకా తన బూట్లకేసి చూస్తూ ఉండిపోయాడు.